నలభై మైళ్ల దగ్గర వణికే జీపు

నా జీవితంలో నేను పాడు చేసిన వస్తువులు చాలా ఉన్నాయి. కానీ ఒక డాక్టరమ్మను, ఒక డ్రైవరును, నిండు గర్భిణిని, ఆమె తల్లిని ఒకే జీపులో ఎక్కించి, పట్టపగలు నడిరోడ్డు మీద జల్లెడలో శనగల్లా ఆడించింది మాత్రం ఒక్కసారే. ఆ ఘనకార్యం ఇప్పుడు చెప్పబోతున్నాను. మీ ఇంట్లో ఏదైనా యంత్రం ఉంటే ముందు దాన్ని నా కంటపడకుండా దాచిపెట్టి, ఆ తర్వాత చదవండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. కోడుమూరులో నీళ్ల ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాను. అంతకుముందు మద్రాసులో ఒక మోటారు వర్క్‌షాపులో ఏడాది పనిచేశాను. ఆ ఏడాది మొత్తం మీద నేను విప్పి బిగించింది అక్కడి టీ కూజా మూత ఒక్కటే. ఈ సంగతి కోడుమూరులో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. షెడ్డు మీద 'మద్రాసు మెకానిక్' అని బోర్డు మాత్రం రాయించాను, బస్సులో పోయేవాళ్లకు కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో.

ఊరి బయట చిన్న మిషన్ ఆస్పత్రి ఉండేది. అక్కడి డాక్టరు సుగుణమ్మ గారు కడప నుంచి వచ్చిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. యుద్ధంలో తిరిగి తిరిగి అలసిపోయిన పాత జీపు ఒకటి ఆమెకు ఉండేది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది కాబట్టి, వానాకాలంలో ఎద్దుల బండి దిగబడే నల్లరేగడిలో కూడా అది ఈదుకుంటూ పోయేది. దాన్ని నడిపేవాడు దేవదానం. యాభై ఏళ్లుంటాయి.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక వారంలో దేవదానం జీపును నా షెడ్డు ముందు నిలిపాడు.

"ముప్పై దాకా బాగానే పోతాండాదప్పా. నలభై దగ్గరికి వస్తానే స్టీరింగు చలిజ్వరమొచ్చినట్ల వణుకుతాండాది. కర్నూలుకు తీస్కపోదామంటే డాక్టరమ్మ ముందు నీకు చూపించమనె."

నేను జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాను. బానెట్టు మీద తట్టాను. టైర్లను కాలితో తన్నాను. మద్రాసులో పెద్ద మేస్త్రీ ఇలాగే తన్నేవాడు, ఎందుకు తన్నేవాడో మాత్రం నేనెప్పుడూ అడగలేదు. తర్వాత నేరుగా ఆస్పత్రికి పోయి, వణికేది జీపు కాదు, దేవదానం చేతులు అని డాక్టరమ్మకు చెప్పాను. వయసు మీద పడుతోంది కదా అని కూడా అన్నాను.

ఆమె ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. దేవదానాన్ని పిలిపించి రెండు చేతులూ చాపమంది. వేళ్ల మీద కాగితం పెట్టింది. కాగితం కదలలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. "ఈయన చేతులు నా చేతులకంటే స్థిరంగా ఉండాయి. నువ్వు పోయి జీపును చూడు" అంది నాతో.

సరే, జీపునే చూశాను. ముందు చక్రాలు వెనక్కీ, వెనక చక్రాలు ముందుకూ మార్చాను. పనిలో పనిగా సబ్బు నీళ్లతో నాలుగు చక్రాలనూ పైపైన తళతళలాడేట్టు కడిగాను. రోడ్డు మీద నలభైలో పోయి చూస్తే స్టీరింగు కదలకుండా నిలబడింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రోగం కుదిరిందని ప్రకటించాను.

మర్నాడు డాక్టరమ్మ వెనక బెంచీ మీద రోగి పక్కన కూర్చుని ఏదో ఊరికి పోయి, తిరిగొస్తూ నా షెడ్డు దగ్గర ఆగింది.

"స్టీరింగు వణుకు పోయింది" అంది. "ఇప్పుడు నేను వణుకుతాండా."

వణుకు చక్రాలతో పాటే ముందు నుంచి వెనక్కి పోయిందంటే రోగం ఆ చక్రాల్లోనే ఉందని మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. మీరు మద్రాసులో పనిచేయలేదు కాబట్టి అర్థమైంది. నాకు మాత్రం, వెనక కింద నుంచి వస్తోంది కాబట్టి ఇది ఇరుసు కడ్డీ తప్పేనని తోచింది. ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు చేరవేసే పొడుగాటి కడ్డీ అది. దాన్ని ఊడదీశాను. లాగితే రెండు ముక్కలైంది. రెంటినీ కిరసనాయిలుతో కడిగి, గ్రీసు పూసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించేశాను.

చేతులు తుడుచుకుంటుండగానే దేవదానం పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాగమ్మ అనే పిల్లకు తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే కర్నూలు పెద్దాస్పత్రికి చేర్చాలి. జీపు వేగంగా పోతుందా అని డాక్టరమ్మ అడిగిందట. యాభైలో పోవచ్చని చెప్పి, నా పనితనం కళ్లారా చూసుకుందామని నేను కూడా ముందు సీటెక్కాను.

ముప్పై ఐదు దాటగానే మొదలైంది. ఇదివరకు వెనక బెంచీ ఒక్కటే వణికేది. ఇప్పుడు కింద నుంచి తుమ్మెదల దండు లేచినట్టు మోత కూడా తోడైంది. ప్రతి కుదుపుకూ నాగమ్మ మూలుగుతోంది. వేగం తగ్గిస్తే ఆలస్యం, తగ్గించకపోతే ఆ పిల్లకు నరకం. డాక్టరమ్మ జీపు ఆపించి, నా వైపు చూసింది. ఆ చూపుకే నేను పానాల సంచీ తీసుకుని దూకేశాను. ఏది విప్పాలో తెలియదు. అన్నీ విప్పేద్దామనే ఉంది.

నాగమ్మ తల్లి పుల్లమ్మ కూడా దిగి, నేనేం చేస్తున్నానో చూద్దామని నా పక్కనే చతికిలబడింది. ఆమె కూర్చున్న చోటు నుంచి వెనక చక్రం లోపలి వైపు కనబడుతుంది. కాసేపు అటే చూసింది.

"నాయనా, ఈ చక్రం లోపల మా చేను సగం ఉండాదే. దీన్ని గూడా కర్నూలుకు తీస్కపోతాండారా?"

తొంగి చూశాను. నేను తళతళలాడించింది బయటి వైపు. లోపలి వైపున నల్లరేగడి ఒక పక్కగా పేరుకుని, ఎండి, ఇటుకై కూర్చుంది. చక్రం నెమ్మదిగా తిరిగితే దాని బరువు తెలియదు, నలభైలో తిరిగితే జీపునే ఎత్తి కుదేస్తుంది. దేవదానం నా సంచీలోంచి గడ్డపార ముక్క లాక్కుని నాలుగు దెబ్బలు వేశాడు. కొబ్బరి చిప్పంత పెళ్లలు రెండు రాలిపడ్డాయి. అంతే, మళ్లీ బయల్దేరితే కుదుపు లేదు. మోత మిగిలింది కానీ దాన్ని అప్పుడు పట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు. నలభైలో పోయి కర్నూలు చేరాం. సాయంత్రంలోపే నాగమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమన్నారు.

తిరుగు దారిలో దేవదానం జీపు ఆపి కిందికి దూరాడు. బయటికొచ్చి, నా భుజం పట్టుకుని నన్ను కూడా కిందికి దూర్చాడు. ఆ కడ్డీ రెండు ముక్కల మీదా ఒక్కో బాణం గుర్తు చెక్కి ఉంది. బిగించేటప్పుడు రెండూ ఒకే వరసలో రావాలట. నేను బిగించిన దాంట్లో ఒక బాణం కర్నూలును చూపిస్తుంటే రెండోది కడపను చూపిస్తోంది.

"నువ్వు విప్పకముందు ఈ మోత ల్యాకుండె కదప్పా" అన్నాడు దేవదానం, చాలా మెల్లగా.

డాక్టరమ్మ కళ్లజోడు తుడుచుకుంది. "ఒక రోగంతో వచ్చినదానికి ఇంకో రోగం అంటించి పంపినావు. మా ఆస్పత్రిలో అయితే నిన్ను గేటు దగ్గర గూడా నిలబెట్టుకోం."

ఆమె ముందు సీట్లో కూర్చుంది. నన్ను వెనక బెంచీ మీద, సరిగ్గా ఆ కడ్డీ మోతా అదురూ తగిలే చోట కూర్చోమన్నారు. దేవదానం వేగం చూపే ముల్లును నలభై ఐదు మీద నిలిపి, కోడుమూరు దాకా అక్కడి నుంచి కదలనివ్వలేదు. ఆ బెంచీ మీదే నేను చెయ్యెత్తి ప్రమాణం చేశాను: ఇకపై ఏ బండినైనా అవతలి వైపు నుంచి కూడా చూడనిదే పానా ముట్టను, బాణం గుర్తున్న వస్తువును జన్మలో విప్పను, నా తప్పును ఇంకొకరి చేతుల మీద వేయను. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే చేసిన ప్రమాణం కదా, మాటలు సరిగా వినపడలేదని దేవదానం నా చేత మళ్లీ మొదటినుంచీ చెప్పించాడు.