జానెడు కిందికి ఇచ్చిన బంతి

మా టీచర్ల కాలేజీలో వాలీబాల్ కోచ్ ఖకాసాకి భయపడనివాళ్లు లేరు. ఆవిడ కోర్టులో ఉంటే ప్రిన్సిపాల్ కూడా పక్కదారిన పోతాడు. పద్నాలుగేళ్లలో మా బుంగోమా పట్నం చుట్టుపక్కల కాలేజీలన్నిటినీ ఓడించి, ఆఫీసు బీరువా నిండా కప్పులు తెచ్చిపెట్టింది. కుడి మోకాలు పాడైంది కాబట్టి కుర్చీలో కూర్చునే అరుస్తుంది. గొంతు మాత్రం ఏమీ పాడవలేదు.

నేను అక్కడే హాస్టల్ మాట్రన్‌ని. పేరు నఖుమిచా. ఒకప్పుడు ఇదే కాలేజీ జట్టులో ఖకాసాతో కలిసి ఆడినదాన్ని. వెనక వరసలో నిలబడి, అవతలివాళ్లు కొట్టిన బంతిని తీసి ఖకాసాకి అందించడం నా పని. దాన్ని నెట్ దగ్గర ఎత్తి ఇవ్వడం సెట్టర్‌గా ఆమె పని. ఎగిరి కొట్టడం నమల్వా పని. నమల్వా కొడితే రిఫరీ కూడా తల వంచుకునేవాడు. నేనేమీ గొప్పలు చెప్పడం లేదు, మా ముగ్గురిలో అసలు ఆటగత్తె ఆమే.

ఇరవై రెండేళ్ల కిందట నైరోబీ నుంచి ఒక పెద్ద జట్టువాళ్లు ఆటగత్తెలను ఏరుకోవడానికి వచ్చారు. మా కాలేజీ నుంచి ఒక్కరినే తీసుకుంటామన్నారు. జీతం, ఉండడానికి గది, పై దేశాల్లో ఆటలు. ఆ రోజు నేను తీసిన బంతులన్నీ ఖకాసా చేతుల్లోకే వెళ్లాయి. అక్కణ్ణుంచి నమల్వా వైపు వెళ్లినవి కొన్నే. ఆ కొన్నీ జానెడు కిందికి, నెట్‌కి మరీ దగ్గరగా వచ్చాయి. అలాంటి బంతిని ఎవరు కొట్టినా నెట్‌లోనే పడుతుంది. చూసేవాళ్లకు మాత్రం కొట్టిన మనిషిదే తప్పులా కనిపిస్తుంది. మిగతావాళ్లకు చక్కగా ఎత్తి ఇచ్చి ఖకాసా శభాష్ అనిపించుకుంది, నైరోబీ వెళ్లిపోయింది. నమల్వా గోడ పక్కన కూలబడి, "నా చెయ్యి వణికిందే, అందరి ముందూ వణికింది" అని ఏడ్చింది. నేను ఊరుకోబెట్టాను గానీ నోరు విప్పలేదు. కళ్లారా చూశావు కదా, ఎందుకు చెప్పలేదని అడిగితే, పిరికిదాన్నని తప్ప ఈ రోజుకీ నా దగ్గర వేరే జవాబు లేదు.

ఖకాసా ఎనిమిదేళ్లు ఆడింది, కైరో చూసింది, మోకాలు పోగొట్టుకుని మాకు కోచ్‌గా తిరిగొచ్చింది. నమల్వా చెరకు తోట ఉన్న ఒకాయన్ని పెళ్లాడి ఊళ్లోనే ఉండిపోయింది. ఆమెకి ఈర్ష్య అనేది లేదు, అదే మా ఖర్మ. స్నేహితురాలు అంత గొప్పదైందని పొంగిపోయేది. మేమిద్దరం వాళ్లింటికి వెళితే కోడిని కోసేది. మా వాళ్లలో కందనకాయ ఇంటి మగవాడి కంచంలోనే పడాలి. నమల్వా మొగుడి మొహం కూడా చూడకుండా దాన్ని ఖకాసా కంచంలో వేసేది.

"తినవే. మన జట్టుకి మగదిక్కు నువ్వే" అని నవ్వేది.

ఖకాసా నమిలేది, మింగడానికి అవస్థపడేది.

కోచ్‌గా ఆమె న్యాయం గురించి కాలేజీ అంతా చెప్పుకుంటుంది. ఏ సెట్టరైనా తనకి నచ్చని పిల్లకి చెత్త బంతి ఇచ్చిందా, ఎంత మంచి ఆటగత్తెనైనా సరే నెల రోజులు బెంచీ మీద కూర్చోబెడుతుంది. "మేడమ్‌ది ఎంత ధర్మబుద్ధో" అంటారు పిల్లలు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె మీదో నా మీదో తెలియదు.

నమల్వా కూతురు నెలిమా మా కాలేజీలోనే చేరింది. అచ్చం తల్లిలాగే ఎగురుతుంది. ఈ ఏడాది మళ్లీ నైరోబీవాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. ఖకాసా రాసిన జాబితాలో మొదటి పేరు నెలిమాదే. సాయంత్రం ఆట అయ్యాక జట్టంతా కూర్చుని ఉడికించిన మొక్కజొన్న తింటుంటే, ఆ పిల్ల వచ్చి తన పేరు కొట్టేయమంది.

"ఎందుకే?" అంది ఖకాసా.

"మా ఇంటికి అచ్చిరాదు మేడమ్. పెద్దవాళ్లు చూస్తుంటే మాకు చేతులు వణుకుతాయి. అమ్మకీ అంతే అయింది కదా. నవ్వులపాలు కావద్దని అమ్మే చెప్పింది."

"మీ అమ్మ చెయ్యి వణకలేదు."

"మీరు మంచివాళ్లు కాబట్టి అలా అంటున్నారు."

ఖకాసా కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. నేను పక్కనే ఉతికిన జెర్సీలు మడతపెడుతున్నాను. చెప్పకపోతే తల్లికి పోయిందే ఈ పిల్లకీ పోతుంది. చెబితే ఇన్నేళ్ల పరువు గంగలో కలుస్తుంది.

"ఆ రోజు మీ అమ్మకి కావాలనే చెడ్డ బంతులిచ్చాను. ఆమె బాగా కొడితే నన్ను తీసుకోరని. భయపడింది నేను, మీ అమ్మ కాదు."

అందరి నోళ్లలో మొక్కజొన్న అలాగే ఉండిపోయింది. నెలిమా ఆమె వంక చూసింది, తర్వాత నా వంక తిరిగింది.

"మాట్రన్, మీకూ తెలుసా?"

"తెలుసు" అన్నాను. తల ఎత్తలేదు.

పిల్ల సంచీ తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మూడో రోజు తిరిగొచ్చింది. మా ఇద్దరితో మాట్లాడలేదు. నైరోబీవాళ్ల ముందు ఆడింది, వాళ్లు చూస్తుండగానే నేల అదిరేలా కొట్టింది. ఆ పూటే తీసుకున్నారు. జట్టు పిల్లలు దాన్ని ఎత్తుకుని తిప్పుతుంటే ఖకాసా కుర్చీలోంచి కదల్లేదు. దగ్గరికి వెళ్లే మొహం మాకెక్కడిది?

ఆ ఆదివారం నమల్వా వచ్చింది. ముగ్గురం నా గదిలో కూర్చున్నాం. టీ పెట్టి ఇచ్చాను, నమల్వా ముట్టుకోలేదు. ఖకాసా వైపు తిరిగి అడిగింది.

"ఆ రోజు నాకు ఎన్ని బంతులిచ్చావు?"

"నాలుగు."

"అన్నీ చెడ్డవేనా?"

"అన్నీ."

నమల్వా నా వైపు చూసింది. అవునన్నాను. కాసేపు తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నేను పదీ పదిహేను పాడుచేశాననుకున్నాను" అంది. "ఇన్నేళ్లూ కళ్లు మూసుకుంటే ఒక్కొక్కటే కనపడేది. ఒట్టి నాలుగేనా, ఖకాసా?"