కోస్గి దగ్గర ఆగిన రేసుకారు

పాతకాలపు పందెం కార్ల మోజులో ఒక డొక్కు కారు కొని, టాపూ మడ్‌గార్డులూ పీకించి, రేసుకారు తయారైందని మురిసిపోయిన తెలివైనవాణ్ణి నేను. కారుకు టాపు లేదు, నాకు దాని కిందుండాల్సిన బుర్ర లేదు. నారాయణపేటలో పాత కార్ల ప్రదర్శనకు పోతుంటే, కోస్గి దాటగానే అది ఆగిపోయింది. పదింటికల్లా చేరకపోతే వరుసలో చోటివ్వరు.

ట్రాక్టర్ మీద వచ్చిన మల్లయ్య అనే రైతు కారు చుట్టూ తిరిగి, టైరు తట్టి చూశాడు.

"టాపు ఎవలన్న ఎత్కపోయిండ్రా సారూ?"

"నేనే తీయించాను. అప్పట్లో పందేలకు ఇలాగే ఉండేవి."

"మైలేజీ ఎంతిస్తది?"

"లీటరుకు ఐదు."

"గిదానికన్న మా బర్రె నయం. తిన్నదానికి పాలన్న ఇస్తది."

నా రేసుకారును ట్రాక్టరుకు తాడుతో కట్టి తన ఇంటికి లాక్కెళ్ళాడు. మెకానిక్ వచ్చేసరికి పది దాటింది. ఈలోగా మల్లయ్య కొట్టం తలుపు తీశాడు. లోపల నిగనిగలాడుతున్న పందెం బండి. ఎడ్లను అమ్మి ఇరవై ఏళ్ళయిందట.

"ఒక్క పందెంల ఓడలే సారూ. ఇప్పటికీ దసరాకు పసుపు కుంకుమ పెడ్త. ఎవ్వర్ని ముట్టనియ్య."

భుజం మీది తువ్వాలతో కాడిని మెల్లగా తుడిచాడు. నాకు జాలేసింది. అయినా బండి చుట్టూ తిరిగి, చక్రం తట్టి అడిగాను.

"మైలేజీ ఎంతిస్తది మల్లన్నా?"