మబ్బు మీద మంట

ఎనభైల్లో నేను బాగేపల్లిలో కొత్త కోడలిని. మామగారిది వేరుశెనక్కాయల వ్యాపారం. మూడు రోజులు ఎండబెట్టిన కాయలు మిద్దె మీద కుప్పగా ఉన్నాయి. చీకటి పడ్డాక అనంతపురం దిక్కున మెరుపులు మొదలయ్యాయి. వాన ఇటు వస్తే కేకెయ్యమని నన్ను కాపలా పెట్టారు.

ఉన్నట్టుండి మబ్బుకు చాలా పైన, చుక్కల మధ్య, పెరికిన శెనక్కాయ చెట్టు వేళ్ళలాగా ఎర్రగా ఏదో భగ్గుమని రెప్పపాటులో ఆరిపోయింది. భయంతో "మంట! మంట!" అని అరిచాను. మామగారూ మరుదులూ బిందెలతో పరుగెత్తుకొచ్చి, చూడకుండానే కుప్ప మీద నీళ్ళు గుమ్మరించారు.

"యాడమ్మా మంట?"

"మబ్బు మీద, మామా."

"మెరుపు కిందికి పడతాది గానీ, మబ్బు మీద మండుతాదా? వానకు కాపలా పెడితే నువ్వే వానైతివి గదమ్మా!"

అసలు వాన రానే లేదు. కాయలు బూజు పట్టాయి. ఆరు నెలలు మామగారు నాతో మాట్లాడలేదు. వీధంతా నన్ను 'మంటలమ్మ' అంది. అబద్ధాలకోరునన్న ఆ చూపులను నేను మరిచిపోలేదు.

పదేళ్ళ తర్వాత పత్రికలో అవే ఎర్రటి వేళ్ళ ఫోటో కనిపించింది. అలాంటి అరుదైన మెరుపులు మబ్బుల పైన నిజంగానే పుడతాయట. కసిగా తీసుకెళ్ళి మామగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"నిజమే. అయితే ఆ శెనక్కాయలు ఇప్పుడు ఎండుతాయామ్మా?"