గంధం చుక్క పడ్డ జాజ్ రికార్డు

మా ఇంట్లో దసరాకి బొట్టు పెట్టించుకోని యంత్రం లేదు. మిక్సీ, కుట్టుమిషను, నాన్న స్కూటరు, నా లాప్‌టాప్ మూత, అన్నిటికీ ముందు ఒక చుక్క గంధం, దాని మీద కుంకుమ. ఈ పట్టింపు తాతయ్య దగ్గర్నుంచి వచ్చింది. ఆయన కుర్రతనంలోనే శ్రీకాకుళం వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చి, రాంగోపాల్‌పేట్‌లో రేడియోలు, గ్రామఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నారు. ఆయుధపూజ నాడు స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, సోల్డరింగ్ కడ్డీ, అన్నీ పాత దుప్పటి మీద వరసగా పరిచి బొట్లు పెట్టేవారట. రికార్డుల్నీ వదల్లేదు. వాటికి బొట్టు అట్ట మీద పెడితే చాలదనేవారట. అట్ట సంచీ మాత్రమే, పనిచేసేది లోపలున్నది కదా అని. రికార్డుని బయటికి తీసి, నడిమధ్య గుండ్రటి లేబుల్ మీద పెట్టేవారు.

అలా బొట్టు పెట్టించుకున్న వాటిలో ఒక అమెరికన్ జాజ్ రికార్డు ఉంది. రిపేరుకిచ్చిన గ్రామఫోనుతో పాటు వచ్చి, దాన్ని తీసుకెళ్ళేవాళ్ళు మళ్ళీ రాక, కొట్లోనే ఉండిపోయిందట. అందులో ఐదుగురు వాయిస్తారు. ట్రంపెట్, శాక్సఫోన్, పియానో, డ్రమ్స్, పక్కన నిలబడి వాయించాల్సినంత ఎత్తున్న తీగవాద్యం బాస్. తాతయ్యకి జాజ్ అంటే ఇష్టమని ఎవరూ చెప్పలేదు. బాగుచేసిన ప్రతి గ్రామఫోనునీ ఆ రికార్డు పెట్టే పరీక్షించేవారని మాత్రం నాన్న చెబుతారు. సన్న శబ్దం, లావు శబ్దం అన్నీ ఒకే పాటలో దొరుకుతాయి కాబట్టి అది పనికొచ్చింది. ఆయన పోయాక అది మా నేరేడ్‌మెట్ ఇంటికి వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి ఇంట్లో ఉంది.

ఒక దసరాకి తాతయ్య గంధం బాగా పలచగా కలిపినట్టున్నారు. చుక్క లేబుల్ మీంచి జారి, రెండోవైపు చివరి పాట గీతల్లోకి పాకి, అక్కడే ఎండిపోయింది. ఆ పాట ఆఖర్న శాక్సఫోన్ నెమ్మదిగా సద్దుమణుగుతుంటే, రికార్డు తిరిగిన ప్రతిసారీ 'టప్' మని ఒక చప్పుడు వస్తుంది. ఎవరో గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అని వేలితో తలుపు తడుతున్నట్టు.

నేను ఎక్కువ మాట్లాడను. బేగంపేటలో మా ఆఫీసు మీటింగుల్లో నా వంతు వస్తే, నాకన్నా ముందు మాట్లాడినవాళ్ళతో ఏకీభవిస్తున్నానని చెప్పి కూర్చుంటాను. చెప్పాలనుకున్నది ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. చదివిన పుస్తకాల గురించి, విన్న రికార్డుల గురించి కూడా అందులోనే. అలాంటిదాన్ని ఒక ఆదివారం తెలియనివాళ్ళ ఇంటికి ఎలా వెళ్ళానంటే, రికార్డ్ ప్లేయర్ సూది అరిగిపోయింది. కొత్త సూది అమ్మిన షాపాయన, బేగంపేటలో ఒక పళ్ళ డాక్టరుగారింట్లో నెలకో ఆదివారం జాజ్ వింటారమ్మా, వెళ్ళి చూడు, అన్నాడు.

డాక్టరుగారు ప్రాక్టీసు మానేశారు. భార్య లేరు. పాత ఎయిర్‌పోర్ట్ వెనక ఇల్లు. హాలు నిండా రికార్డులు. వచ్చేవాళ్ళంతా ఆయన వయసు మగవాళ్ళు. నేను వెళ్ళిన మొదటిరోజే నాకు సోఫా చివర చోటిచ్చి, "ఇది నీ సీటు బేటా, ఎవరు కూసున్నా లేపు," అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. తరవాత ఆయనకి ఎదురు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మాట వల్లే మరీ కష్టమైంది.

అక్కడ చేసే పని ఒక్కటే. ఆల్బం మొదటిసారి విడుదలైనప్పుడు అచ్చయిన పాత రికార్డునీ, ఈమధ్య శబ్దం మీద మోజున్నవాళ్ళ కోసం, అసలు టేపుల నుంచే మళ్ళీ శ్రద్ధగా చెక్కి బరువైన ప్లాస్టిక్ మీద వేస్తున్న కొత్త రికార్డునీ, ఒకదాని తరవాత ఒకటి పెట్టి వినడం. తరవాత ఏది మేలో తేల్చడం. నిజానికి తేల్చేది ఏమీ ఉండేది కాదు. చర్చ ఎటు నుంచి మొదలైనా పాతదే గెలిచేది. పాతదాంట్లో ప్రాణం ఉందనేవారు, కొత్తది కడిగేసినట్టుందనేవారు. నేను తల ఊపి, ఇంటికొచ్చి డైరీలో వేరేలా రాసుకునేదాన్ని.

ఒకసారి మాటల్లో మా రికార్డు సంగతి చెప్పాను. డాక్టరుగారు టీ కప్పు కింద పెట్టేశారు. లేబుల్ పక్కన నున్నటి చోట గీసిన అక్షరాలుంటాయి, ఇంటికెళ్ళి చదివి చెప్పమన్నారు. ఫోన్లో చదివితే ఇంకోసారి చదవమన్నారు.

"అది ఫస్ట్ ప్రెసింగ్ బేటా, మొట్టమొదటి అచ్చు. నేను ఎన్నేండ్ల సంది దేవులాడుతున్ననో నీకు తెల్వదు. నా దగ్గర కొత్తదొక్కటే ఉన్నది. జెర తీస్కరా. రెండూ పెట్టి విందాం."

పాత చున్నీలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. డాక్టరుగారు అంచులు పట్టుకుని బయటికి తీశారు. లేబుల్ చూసి ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఏందిది, కుంకుమనా?"

"మా తాతయ్య పెట్టారంకుల్. ఆయుధపూజకి."

పక్కన కూర్చున్న, టింబర్ డిపో నడిపే ఆయన వంగి చూశారు. ఆయన నోరు ఊరికే ఉండదు. "మంచిగున్నది. మీ తాత ట్రంపెటాయనకు బొట్టు పెట్టిండన్నట్టు. నిమ్మకాయలు సుత తొక్కించిండా దీనితోని?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాగానే అన్నారు మరి.

ముందు మాది పెట్టారు. డాక్టరుగారు వాల్యూమ్ పెంచారు. మధ్యలో హెలికాప్టర్ వెళితే సూది ఎత్తి, అది దాటిపోయాక మళ్ళీ దించారు. రెండోవైపు చివర తాతయ్య చప్పుడు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని, పంటి నొప్పి ఓర్చుకుంటున్నవాడిలా కూర్చున్నారు. తరవాత కొత్తది పెట్టారు. వాల్యూమ్ తగ్గించి పెట్టారు. కావాలని చేశారనుకోను. ఇష్టమైనదానికి చెయ్యి దానంతటదే పైకి వెళుతుంది.

పుట్టినప్పటి నుంచీ వింటున్న పాటలవి. కానీ ఆ రోజు కొత్తదాంట్లో బాస్ వాయించే ఆయన వేళ్ళు తీగ మీంచి జరగడం వినబడింది. డ్రమ్స్ మీద కర్రలతో కాక చీపురులాంటి దానితో రుద్దుతున్నాడని తెలిసింది. పియానో ఆయన వాయిస్తూ లోలోపల కూనిరాగం తీస్తున్నాడు. మా రికార్డులో ఆయన నా చిన్నతనమంతా మూగవాడిలా ఉన్నాడు. ఎన్ని గ్రామఫోన్ల సూదుల కింద నలిగిన రికార్డో అది. వాటిలో ఎన్ని మొద్దుబారిన సూదులో. మా తాతయ్యది కాబట్టి దాంట్లో లేనిది ఉందని ఎలా అనను?

"చూశిన్రా? ఒరిజినల్ ఒరిజినలే. బాడీ ఉన్నది దాంట్ల. ఏమంటవ్ బేటా? నీ రికార్డే గెలిచింది," అన్నారు డాక్టరుగారు.

"కొత్తదే బాగుందంకుల్."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. టింబర్ ఆయన బిస్కెట్ టీలో ముంచి అలాగే ఉంచేశారు. అది తెగి కప్పులో పడింది.

"ఏందీ?" అన్నారు డాక్టరుగారు.

"కొత్తదాంట్లో పియానో ఆయన పాడటం వినబడుతోంది. పాతదాంట్లో లేదు. వాల్యూమ్ కూడా ఒకేలా లేదంకుల్. రెండిటికీ ఒకే వాల్యూమ్ పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఇంకోసారి విందామా?"

"నువ్వు పుట్టకముందు సంది వింటున్న నేను. ఇప్పుడు నా కండ్లకు గంతలు కడ్తవా?"

"కట్టనంకుల్. నేను విన్నది చెప్పాను, అంతే."

"సొంత రికార్డు మీద సొంతామెనే సాక్ష్యం చెప్తున్నది. జడ్జి పరేషాన్ అయితడు గిట్లయితే," అన్నారు టింబర్ ఆయన.

డాక్టరుగారు నవ్వలేదు. మా రికార్డుని తన ఒళ్ళోకి తీసుకుని కాసేపు లేబుల్ వైపే చూశారు. తరవాత చాలా మెత్తగా అన్నారు.

"సరే. కొత్తది మంచిగున్నదంటున్నవ్ కద. అయితే నా కొత్తది నువ్వు తీస్కపో. పాతది నాకియ్యి. నీకు నచ్చింది నీకు, నాకు నచ్చింది నాకు. గా గంధం నేను తీస్త. పండ్ల మీద గార తీసిన చేతులివి, గీత మీద గీత పడనియ్య. కుంకుమ సుత పోతది. ఏం తక్లీఫ్ లేదు."

అందరూ న్యాయంగానే ఉందన్నట్టు తలలు ఊపారు. నాకూ అలాగే అనిపించింది, అదే భయం. నేను చెప్పిన నిజమే తిరిగి నా చేతిలోంచి రికార్డు లాక్కుంటోంది. కొత్తదే మేలని అన్నది నేనే. మరి ఎందుకివ్వనంటాను? పాతదే బాగుందని అబద్ధం చెప్పి ఉంటే అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మాలాంటి ఆడపిల్లల దగ్గర ఇలాంటి సమయాలకి ఒక మాట సిద్ధంగా ఉంటుంది. 'ఇంట్లో అడిగి చెప్తాను.' దాంతో ఎదుటివాళ్ళకి కోపం రాదు, మనకి గొడవా ఉండదు. తరవాత ఫోన్ ఎత్తకుండా ఉంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంట్లో అడగడానికేముంది? ఆ రికార్డు నాన్న ఎప్పుడో నాకిచ్చేశారు. వద్దంటున్నది నేను. ఆ వద్దుని నాన్న నోట్లో పెట్టి నేను తప్పుకోవడం నచ్చలేదు.

"ఇవ్వనంకుల్."

"ఎందుకు?"

"అది మాది."

"సెంటిమెంట్ అన్నట్టు," అన్నారాయన, అర్థమైపోయినట్టు.

ఆ మాటకి కోపం వచ్చింది నాకు. సిగ్గుపడేవాళ్ళకి కోపం రాదనుకుంటారు. వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, వచ్చినప్పుడు మాటలతో సహా వస్తుంది.

"కాదంకుల్. సెంటిమెంట్ అయితే పాతదే బాగుందని చెప్పేదాన్ని. బాగోలేదని తెలిసే ఉంచుకుంటున్నాను. అది మా తాతయ్య పనిముట్టు. ఆ చప్పుడు ఆయన చెయ్యి జారిన చోటు. దాన్ని తీసేస్తే మీ దగ్గర ఉండేది ఒక ఒరిజినల్. అలాంటివి వేరేచోట కూడా దొరుకుతాయి. ఇది దొరకదు."

చెయ్యి చాపాను. డాక్టరుగారు వెంటనే ఇవ్వలేదు. తరవాత కాగితం తొడుగులో పెట్టి, అట్టలో దూర్చి, అట్ట మూల సరిచేసి ఇచ్చారు. బయటికి వస్తుంటే వెనక టింబర్ ఆయన గొంతు వినబడింది. "మాట్లాడదు, మాట్లాడదు అంటివి కద డాక్టర్ సాబ్."

తరవాతి నెల పిలుపు రాలేదు. ఆ పై నెలా రాలేదు. నా సీటు ఖాళీగా ఉందో, ఎవరైనా కూర్చున్నారో అని ఒకటి రెండుసార్లు ఆలోచించిన మాట నిజమే. ఆయనకి క్షమాపణ చెప్పమని నాకు నేనే సలహా ఇచ్చుకుని, డైరీలో రాసి, కొట్టేశాను. బదులుగా ఆ కొత్త రికార్డుని నా జీతంతో నేనే తెప్పించుకున్నాను. ఎవరి పాతదానికీ బదులుగా కాదు.

దసరా వచ్చింది. అమ్మ సానమీద గంధం తీస్తుంటే రెండు రికార్డులూ తెచ్చి పీట మీద పెట్టాను.

"ఏటే, దీనికీనా?" అంది అమ్మ కొత్తదాన్ని చూసి. "ఇంకా కవరు వాసనే పోలేదు. మచ్చ పడితే పాడైపోదేటి?"

"పడనీ అమ్మా. లేబుల్ మీద పెట్టు."

"మీ తాతగారు గంధం మజ్జిగలా కలిపేసీవారు. నేనలా కాదు, కదలదు నాది," అని ఉంగరం వేలితో నడిమధ్య అద్దింది. నిజంగానే కదల్లేదు. దాని మీద కుంకుమ నేను పెట్టాను.

ఆ తరవాత జాజ్ వినే ఆదివారం రాగానే పిలుపు లేకుండానే వెళ్ళాను. చంకలో రెండు రికార్డులు. తలుపు తీసింది డాక్టరుగారే. పక్కకి జరిగి దారిచ్చారు. లోపల అందరూ ఉన్నారు. నా చోటు ఖాళీగా ఉంది. దాని మీద ఒక వార్తాపత్రిక పెట్టి ఉంది, ఎవరూ కూర్చోకుండా.

కొత్తదాన్ని తీసి ఆయన చేతికిచ్చాను. అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో చూశారు.

"బ్రాండ్ న్యూ దాన్ని ఖరాబ్ చేసినవ్ గద బేటా."

"పనిలో పెట్టానంకుల్."

డాక్టరుగారు లేబుల్ మీద బొట్టుని చూపుడువేలితో తాకబోయి, తాకకుండా వేలు వెనక్కి తీసుకున్నారు. రికార్డు ప్లేయర్ మీద పెట్టారు. ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీ వాల్యూమ్ పక్కనే ఉంటుంది. నేను సోఫాకి వెళ్ళలేదు.

"ఇవాళ వాల్యూమ్ దగ్గర నేను కూర్చుంటాను," అన్నాను.

ఆయన వార్తాపత్రిక తీసి మడిచి, సోఫా చివర నా చోట్లో కూర్చున్నారు.