అప్పగించని మాట

ఒక్క మాట. అది గొంతులో పెట్టుకుని ఇన్నేళ్లు బతికాను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెబుదామంటే, నా మీద వాళ్లకున్న గౌరవమే అడ్డొస్తుంది. ఈ కొండల్లో నన్ను గుర్రాల మేస్టారు అంటారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా తల దించుకుంటాను. పాపం, అది వినయం అనుకుంటారు వాళ్లు.

మా నాన్న విజయనగరంలో జట్కా తోలేవాడు. గుర్రాన్ని కొట్టకుండా లొంగదీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మీసాలు సరిగా రాని వయసులో, బంధువుల ఉప్పు వ్యాపారం వెంట ఈ కొండల్లోని హుకుంపేట వచ్చిపడ్డాను. అప్పట్లో ఒక సంత నుంచి ఇంకో సంతకి సరుకు మోసేవి కొండగుర్రాలే. వాటిని మచ్చిక చేసే పని నాకు దొరికింది. మా నాన్న పద్ధతి ఒకటుంది. ప్రతి గుర్రానికీ ఒక ఆపుమాట నేర్పాలి. గుర్రం బెదిరినా, కళ్లెం తెగినా, ఆ మాట చెవినపడితే కాళ్లు నిలబడిపోవాలి. దారినపోయేవాళ్లు ఆపేయకుండా దాన్ని గుట్టుగా ఉంచాలి. పని పూర్తయ్యాక గుర్రంతోపాటు ఆ మాట కూడా యజమానికి చెప్పాలి. మాట అప్పగించడం అనేవాళ్లం. అది అప్పగించందే గుర్రాన్ని ఇచ్చినట్టు కాదు.

డొంబ్రు అని ఒకడు కొండమీద రాగులు, వలిసెలు పండించేవాడు. ఇంట్లో వాళ్లది కొండభాష, తెలుగు సంతలో నేర్చుకున్నదే. నా ఈడువాడే. ఎర్రమట్టి రంగు ఆడగుర్రాన్ని తెచ్చి నా దగ్గర వదిలాడు. ఆకు రాలినా బెదిరే గుర్రం. ఆ వానాకాలమంతా దానితోనే గడిపాను. "నిమ్మళం" అనే మాట నేర్పాను. ఎంత బెదురులో ఉన్నా, ఆ మాట వినగానే నిలబడి, నా అరచేతిలోకి వెచ్చగా ఊపిరి వదిలేది. చెప్పడానికి సిగ్గెందుకు, దాన్ని ప్రేమించాను. ఊళ్లో గుర్రాలన్నీ నా చేతిలోవే, ఒక్కటీ నాది కాదు.

తీసుకెళ్లడానికి డొంబ్రు వచ్చిన రోజు, వాడు దాన్ని పిలవనైనా లేదు. ఊరికే నిలబడ్డాడు. అది నా పక్కనుంచి నడిచి వెళ్లి వాడి భుజానికి మూతి రాసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అసూయే. దానికి ఇంకో పేరు పెట్టను.

"మాటేటి బావా? బేగి సెప్పు, పొద్దోతంది" అన్నాడు నవ్వుతూ.

"నిదానం" అన్నాను.

నోరు జారింది అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. జారలేదు. తెలిసే అన్నాను. వాడు అక్కడే ఒకసారి పలికి చూశాడు. నా చెయ్యి కళ్లెం మీదే ఉంది. కొంచెం బిగించాను, గుర్రం ఆగింది, వాడు మురిసిపోయాడు. ఏమనుకుని చేశాను? వారం తిరక్కుండా వెనక్కొస్తాడని. మాట వినడం లేదు బావా, ఇంకొన్నాళ్లు నీ దగ్గరే ఉంచు అంటాడని. అంతే. వాడికి కీడు తలపెట్టానా? లేదు. కానీ, పక్కనే లోయ ఉన్న దారుల్లో ఆగని గుర్రం ఎక్కించి పంపినవాడు మంచి తలపెట్టాడని ఎవరంటారు?

వాడు రాలేదు. గుర్రం బుద్ధిగా నడిచింది, ఆపుమాటతో పనే పడలేదు. ఈ సంతకి చెప్పేద్దాం, పై సంతకి చెప్పేద్దాం అని నేను నాన్చాను.

ఒక సంతరోజు ఘాట్ మలుపులో జీపు హారన్ మోగింది. గుర్రం బెదిరి, వీపు మీద డొంబ్రుతోనే పల్లానికి దౌడు తీసింది. వెనక నడిచొస్తున్నవాళ్లు తర్వాత చెప్పారు, డొంబ్రు "నిదానం, నిదానం" అని గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నాడట. బండల మీద పడ్డాడు. మోకాలు నుజ్జయిపోయింది. గుర్రం ఒక్కటే నురగ కక్కుతూ సంతలోకి వచ్చిపడింది. జనం చెల్లాచెదురయ్యారు. నేను ఎదురెళ్లాను. అది మీదికొచ్చేదాకా ఉండి, పక్కవాడికి వినపడకుండా "నిమ్మళం" అన్నాను. నిలబడిపోయింది. "సెయ్యంటే అదిరా" అన్నారు జనం. నా పేరు కొండలు దాటింది ఆ రోజే.

ఆస్పత్రికి చూడబోయాను. చెప్పేద్దామనే వెళ్లాను, నమ్మండి. మంచం పక్కన కూర్చోగానే వాడే మొదలెట్టాడు.

"తప్పు నాదే బావా. మీ తెలుగు మా నోట తిరగదు కదా. వంకరగా పలికీసుంటాను. దానికేటి తెలుస్తాది పాపం. అది నీ మాటే ఇంటాది, నీ కాడే ఉంచీసుకో."

నేను అనాల్సింది ఎంత? ఒక్క ముక్క. వాడి చెయ్యి పట్టుకుని, "అయ్యుంటదిలే" అన్నాను.

అలా నేను కోరుకున్నది నాకు దక్కింది. అది చచ్చేదాకా మేపాను, కడిగాను. ఒక్కసారీ ఎక్కలేకపోయాను.

డొంబ్రు కాలితో ముగియలేదు ఆ కథ. వాడు తెలుగు మాట్లాడటం మానేశాడు. సంతలో బేరానికి పెళ్లాన్ని ముందుకు తోసి, తను వెనక కర్ర మీద వాలి నిలబడేవాడు. గుర్రానికే అర్థంకాని తెలుగురా వీడిది అని కొట్లవాళ్లు నవ్వేవారు. నేను నవ్వలేదు. ఊరుకున్నాను. రెండింటికీ తేడా ఉందా?

తర్వాత పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. శిక్షణలో ఒక డాక్టరుగారు, భయంలో ఉన్న గుర్రం ఏ మాటా వినదు అన్నారు. ఆ పూట తేలికగా అన్నం తిన్నాను. సరైన మాట ఇచ్చినా అంతేనేమో కదా అని. కానీ అదే భయంలో, అదే గుర్రం, సంత నడిబొడ్డున నా మాట విన్నదే! ఇంకో డాక్టరుగారు, గుర్రానికి అర్థంతో పనిలేదు, అలవాటైన చప్పుడే దానికి భాష అని వివరించారు. నిదానం, నిమ్మళం మనకి దగ్గర మాటలే. దానికి నిమ్మళం అంటే నేను, నిదానం అంటే ఉత్త గాలి. చదువుకున్నకొద్దీ నేను దాక్కునే చోట్లు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. అయినా కుర్రాళ్లకి పాఠం చెబుతూ, గుర్రం దగ్గర అబద్ధం పనికిరాదు అంటాను. గొంతు వణకను కూడా వణకదు.

పోయిన చలికాలం డొంబ్రు చనిపోయాడు. వెళ్లాను. వాడి కూతురు బడికెళ్లిన గుంట, తెలుగు చక్కగా మాట్లాడుతుంది. ఇంట్లో ఒక్క తెలుగు ముక్క కూడా తన నోట రానిచ్చేవాడు కాదట వాడు. నాది వంకర, మీకు అంటుకుంటుంది అనేవాడట. ఆ పిల్ల నవ్వుతూ చెప్పి, ఏడ్చింది.

అప్పుడూ చెప్పలేదు. క్షమించమని అడగాల్సినవాడు లేడు, మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. అయినా ఇంతవరకు రాశాక ఏదో కాస్త నెమ్మదిగా ఉంది. ఇంకొక్కటే మిగిలింది.

డొంబ్రు తెలుగు వంకర కాదు. ఆ మలుపులో వాడు "నిదానం" అని స్పష్టంగా, నేను చెప్పినట్టే పలికాడు. గుర్రానికి ఆ మాట నేర్పనిది నేను.