ఆయుధపూజ నాటి హెలికాప్టర్

ఆ రోజుల్లో నాకు అనుమానాలన్నీ ఇతరుల నమ్మకాల మీదే. నా తెలివి మీద ఒక్కసారి కూడా రాలేదు. ఎనభైల చివరి మాట. ఆదోనిలో హైస్కూలు సైన్సు మాస్టరును. ఆదివారం వస్తే హేతువాద మిత్రుల సభలో దిష్టినో, తాయెత్తునో, నిమ్మకాయనో చీల్చి చెండాడేవాణ్ణి (వినేవాళ్లు పదిమంది, అందులో నలుగురు నా విద్యార్థులు, మార్కుల భయంతో వచ్చేవాళ్లేమోనని ఇప్పుడనిపిస్తుంది). అలాంటి నాకు, కువైట్‌లో పనిచేసే మా బావ సెలవులకు వస్తూ రేడియోతో నడిచే చిన్న హెలికాప్టర్ తెచ్చిచ్చాడు. చేతిలోని పెట్టెకు రెండు పుల్లలుంటాయి, వాటిని కదిపితే అది గాలిలో తిరుగుతుంది. "నేర్సుకోకుండ ఎగరేస్తే నిమిషంలో ముక్కలైతాది బామ్మర్దీ. ఆడ టీవీకి తగిలిచ్చి నేర్సుకునే సిమ్యులేటర్ ఉంది గానీ, అది తెచ్చేది నాతో కాలేదు" అన్నాడు.

ఆ సిమ్యులేటర్‌ను ఎమ్మిగనూరులో మగ్గమన్న తయారుచేశాడు. మా ఇంటికి పంచెలు నేసిచ్చే మనిషి. పేరు వేరే ఉన్నా నేను అలాగే పిలిచేవాణ్ణి. అసలు యంత్రాన్ని వేలి మీద నిలబెట్టి, ముక్కు దగ్గర కాస్త బరువు పెరిగినా సరిగ్గా లేవదని నేను చెబితే, కళ్లార్పకుండా విన్నాడు. వారం తిరక్కముందే మగ్గం ఇంట్లో దూలానికి కొయ్య హెలికాప్టర్ ఒకటి వేలాడింది. దాని నాలుగు తాళ్లు కప్పీల మీదుగా వచ్చి రెండు పుల్లలకు చేరాయి. పుల్ల కుడికి వంచితే బొమ్మ కుడికి ఒరిగేది, ముందుకు వంచితే ముక్కు దించేది. (రోజంతా తాడు లాగి, నూలును అటూ ఇటూ మోసే నాడెను ఆడించే మనిషికి, తాడు ఎంత లాగాలో మా బావ చెప్పాలా?) బడి వదలగానే బస్సెక్కి వెళ్లి, బొమ్మ తోక వెనక కూర్చుని సాధన చేసేవాణ్ణి. తోక నా వైపు ఉన్నంతవరకు నా కుడే దాని కుడి. పదిహేను రోజుల్లో చేయి తిరిగింది. అప్పుడు మగ్గమన్న కుర్చీ తీసుకుపోయి ముక్కు వైపు వేశాడు.

"ఈడ కూసోని ఆడించు అయివారూ. దాని మొగం నీ తట్టు తిరిగితే దాని కుడి నీకు ఎడమైతాది."

"నాకు తెలుసన్నా. బోర్డు మీద గీసి పిల్లోళ్లకు గూడ చెప్పినా."

"నీకు తెలుసప్పా. నీ చేతికి తెలీదు."

"సూత్రం తెలిస్తే చెయ్యి అదే వింటాది."

"నా చెయ్యి వినేకి ఎనిమిదేండ్లు పట్టింది" అని నవ్వి, కుర్చీని అక్కడే వదిలేశాడు. నేను కూర్చోలేదు.

ఎగరేయడానికి ఆయుధపూజ రోజునే ఎంచుకున్నాను, కావాలనే. ఊరంతా బండ్లకు నిమ్మకాయలు కడుతుంటే, ఏమీ కట్టని నా యంత్రం ఆకాశంలో తిరగాలి. బడి మైదానం నిండిపోయింది. పూలదండలతో ట్రాక్టర్ ఆపుకున్న పత్తికొండ డ్రైవరొకడు, "సారూ, ఒక్క నిమ్మకాయ కడితే నీదేం పోతాది?" అన్నాడు. దానికి నేను పది నిమిషాలు సమాధానం చెప్పాను. ఆ పది నిమిషాలు నా చేతికి ఇచ్చి ఉంటే బాగుండేది. హెలికాప్టర్ లేచింది, ముందుకు పోయింది, పిల్లలు కేకలు పెట్టారు. ఇంతలో గాలికి తిరిగి ముక్కు నా వైపు పెట్టింది. అది నా ఎడమకు ఒరిగింది, నేను పుల్ల కుడికి వంచాను, ఇంకా ఒరిగింది, ఇంకా వంచాను. దండలేసిన ట్రాక్టర్ ముందు పడి, తోక ఒకచోట, రెక్కలు ఒకచోట అయింది.

"సూసినారా, నిమ్మకాయ లేకపోయె" అన్నాడు డ్రైవరు. జనం తలలూపారు. నన్ను నమ్మి తాయెత్తులు విప్పేసిన నా విద్యార్థులు కూడా నా ముఖం వైపు చూశారు. ఇన్నేళ్ల నా మాటలన్నీ ఆ ముక్కల పక్కన పడి ఉన్నాయి. అప్పుడు, చూడ్డానికని పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మగ్గమన్న ముందుకొచ్చాడు. "లేదని ఎవురన్నారప్పా? అయివారికి తెలీకుండ పొద్దన్నే నేనే కట్టినా. కట్టినా పడె." మైదానం గొల్లున నవ్వింది, అతన్ని చూసి.

నేను ఊరుకున్నానా? మా హేతువాదుల చిన్న మాసపత్రికలో ఆ నిమ్మకాయ మీద రెండు పేజీలు రాశాను. సైన్సు చేతికందినా బుర్రకెక్కని ఎమ్మిగనూరు నేతగాడంటూ అతన్ని ఏకిపారేసి, ఒక ప్రతి అతనికే పంపాను కూడా.

కొన్ని నెలల తర్వాత పంచెల కోసం వెళ్లాను. కొయ్య హెలికాప్టర్ అలాగే వేలాడుతోంది, కుర్చీ ముక్కు వైపే ఉంది. ఊరికే అడిగాను: "నిమ్మకాయ యాడ కట్టినావన్నా?"

"యాడిది నిమ్మకాయ? ముక్కు కాడ బరువైతే లేవదని నువ్వే చెప్తివి కదప్పా." నాడె ఆగలేదు. "ఆ పొద్దు అందరి ముందర నీ మొగం సూడలేకపోయినా."

"పత్రిక చూసినావా?" అన్నాను.

"మా పాప చదివి వినిపించింది. బాగ రాసినావు. బుర్రకెక్కలేదు అన్న కాడ పాప ఆగిపోయింది. చదువమ్మా అని నేనే అన్నా."

ఆ రోజు ఆ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. పుల్ల ఎటు వంచినా తప్పే వచ్చింది. పైనెలలో సవరణ వేయాలనుకున్నాను. వేస్తే ఆ డ్రైవరు మాట నెగ్గి నేను ఓడిపోతానని వాయిదా వేశాను. ఆ తర్వాత పత్రికే ఆగిపోయింది, మగ్గమన్న కూడా లేడు. అందుకని ఇప్పుడు, ఇక్కడ వేస్తున్నాను: ఆ హెలికాప్టర్‌కు నిమ్మకాయ లేదు. రుజువు లేనిదే దేన్నీ నమ్మవద్దని ఊరంతా తిరిగి చెప్పిన ఆ ఇరవై ఆరేళ్ల మాస్టరు, ముక్కల్లో వెతికి చూడకుండా నమ్మిన ఒకే ఒక్క నిమ్మకాయ అది.