ఫెలిక్స్ గొంతు

మా వుడ్జ్ పట్నంలో సినిమా స్టూడియోకి ఎదురుగానే ట్రామ్ షెడ్డు. గేన్యా స్టూడియోలో ఫిల్ము కత్తిరించి అతికించేది. ఆమె భర్త ఫెలిక్స్ ట్రామ్ నడిపేవాడు. డెబ్బై ఎనిమిదిలో ఒక హాస్య చిత్రానికి నటన బొత్తిగా తెలియని ముఖం కావలసి వచ్చింది. ఫెలిక్స్‌ది సరిగ్గా అలాంటి ముఖమే.

ఉన్నది ఒక్క సన్నివేశం. తాను బతికే ఉన్నట్టు కాగితం రాయించుకోవడానికి ఒకడు ఆఫీసుకి వెళ్తాడు. "ఇవాళ చచ్చిపోయినవాళ్ల రోజండీ, బతికున్నవాళ్లు మంగళవారం రావాలి" అంటుంది గుమస్తా. "మంగళవారం దాకా బతకాలంటే మందు కావాలి తల్లీ, మందు ఇవ్వాలంటే ఆ కాగితం అడుగుతున్నారు" అంటాడు వాడు.

ఆ ఒక్క మాటనీ ఫెలిక్స్ నెల రోజులు సాధన చేశాడు, గడ్డం గీసుకుంటూ, బూట్లు తుడుచుకుంటూ.

"చాల్లే మహానటుడా, సూప్ చల్లారిపోతోంది!" అని కసిరేది గేన్యా.

షూటింగ్ అయిన ఆరు వారాలకు ఫెలిక్స్ ట్రామ్ మెట్టు మీదే గుండె ఆగి పోయాడు.

చలికాలంలో సర్కారు వారి సెన్సారు ఆఫీసు నుంచి ఒకాయన సినిమా చూడడానికి వచ్చాడు. ఫెలిక్స్ కనపడగానే పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అద్భుతం! ఇది తీసెయ్యండి" అన్నాడు. నవ్వొస్తే తీసెయ్యాలని తెలియడానికే ఆయనకు జీతం ఇచ్చేవారు.

"గేన్యా గారూ, నన్ను తిట్టుకోకండి. ఈ ముక్క పోతే మిగతా సినిమా దక్కుతుంది" అన్నాడు దర్శకుడు, నేల చూస్తూ.

సినిమాలో బొమ్మ ఒక చుట్ట మీద, మాట వేరే చుట్ట మీద ఉంటాయి. రెండూ కలిసేది చివర్లోనే. బొమ్మ ఉన్న ముక్కని గేన్యా కోటు లోపల కుట్టేసుకుంది. చెత్తలోకి పోయేదాన్ని ఎవరూ అడగరు. మాటలున్న టేపు అలా కాదు. దానికి కరువు. చెరిపి మళ్లీ వాడేవారు, మీటర్ల లెక్కన అప్పగించాలి.

"కాస్త తక్కువ రాసుకోరాదూ యాద్విగా?" అని స్టోరులో ఉండే ఆవిడని బతిమాలింది.

"నా ఉద్యోగం పోతుందే తల్లీ. ముందు ఒకసారి విను, నేనేం తొందరపెట్టను."

మూడుసార్లు విని, తన చేత్తోనే ఇచ్చేసింది.

పన్నెండేళ్లకు ప్రభుత్వమే మారిపోయింది. సినిమాని కోతలు లేకుండా మళ్లీ వేస్తున్నారంటే, గేన్యా కోటు కుట్లు విప్పి ఆ ముక్క తీసి ఇచ్చింది.

హాలు కిటకిటలాడింది. గుమస్తా వేషం వేసినావిడ తన మాటని మళ్లీ చెప్పి రికార్డు చేయించింది, అది వినపడింది. ఫెలిక్స్ పెదవులు కదిలాయి, చప్పుడు లేదు. హాలంతా ఘొల్లున నవ్వింది. సర్కారుని వెక్కిరించడానికి కావాలనే అలా నోరు నొక్కి చూపించారనుకుని జనం చప్పట్లు కొట్టారు.

పక్కనున్న ముసలి దర్శకుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చూశారా, మీ ఆయన ఎంత నవ్వించాడో!"

తెర మీది పెదవులతో పాటు గేన్యా కూడా ఆ మాటని లోలోపలే అంది. 'మంగళవారం దాకా బతకాలంటే మందు కావాలి తల్లీ...' ఒక్క అక్షరం పొల్లుపోలేదు. కానీ అది ఆమె గొంతే. ఇంట్లో నెల రోజులు విని విసుక్కున్న ఆ గొంతు ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.